బిడ్డ పండుకొనే చోటు

ఈ నెల మరొక అంశము వ్రాయవలెనని కూర్చున్నాము గాని, మా మనస్సు మాటిమాటికి ఒక పాత ఉయ్యాల మంచము మీదికే పోవుచున్నది. గనుక దానిని గూర్చియే వ్రాస్తున్నాము.

గడచిన మాసములో మా ఆత్రేయపురం మండలములో, ఏటిగట్టు ప్రక్కనున్న ఒక పల్లెలో, యౌవన దంపతులు తమ తొలి బిడ్డ నిమిత్తము ఇరవై ఒకటవ దినమున ప్రార్థన పెట్టుకొన్నారు. పాట పాడాము, వాక్యము చెప్పాము, ప్రార్థన ముగించాము. అప్పుడు ఆ బిడ్డ నాయనమ్మ లేచి, "అయ్యగారండీ, మీ చేత్తోనే పాపని ఉయ్యాల్లో వెయ్యండి" అన్నది. ఇది మన సంఘములలో మామూలే. బిడ్డను ఎత్తుకొని మంచము దగ్గరకు వెళ్ళి వంగి చూచాము.

ఆ మంచమును మేము ఎరుగుదుము. అది మా దేవాలయపు సామాన్ల గదిలోనిది. చాల సంవత్సరముల క్రిందట ఒక కుటుంబము వారు సంఘమునకు ఇచ్చిపోయినది. అప్పటి నుండి ఎవరింట బిడ్డ పుట్టినా ఆ ఇంటికి వెళ్ళి, బిడ్డ నడక నేర్చిన తరువాత తిరిగి వస్తూ ఉంటుంది. దానిని ఆ పల్లెకు ఆటో మీద పంపించినది మేమే. పంపేటప్పుడు దుమ్ము తుడిపించాము తప్ప, దాని వైపు సరిగా చూడలేదు.

ఆ దినము చూచాము. ప్రక్క కమ్ములలో ఒకటి ఊడిపోయి ఉన్నది. మిగిలిన వాటి సందులలో మా అరచేయి నిలువుగా దూరిపోతున్నది. పైకమ్మి మీద నీలిరంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, దాని మీద ఎన్ని సంవత్సరముల బిడ్డలవో చిన్న చిన్న పంటిగాట్లు ఉన్నవి. లోపల మెత్తని బూరుగుదూది పరుపు, పరుపు మీద రబ్బరు షీటు, నాలుగు ప్రక్కల గోడ కట్టినట్టు దిండ్లు, నడుమ ఆవాల దిండు. మంచము క్రింద సాంబ్రాణి వేసిన మట్టి మూకుడులో నిప్పులు ఇంకను ఎర్రగానే ఉన్నవి. అంతమంది ఎదుట ఏమనగలము? బిడ్డను పండుకోబెట్టి, చేయి పైన ఉంచి, ప్రార్థన మరి కొంచెము పొడిగించాము. భోజనమునకు కూర్చున్నాము గాని ముద్ద దిగలేదు.

ఎందుకు దిగలేదో చెప్పవలెను. 2009లో మాకు మొదటి బిడ్డ పుట్టినప్పుడు ఒక పట్టణములోని దుకాణములో ఇనుప గొట్టముల ఊగే ఉయ్యాల ఒకటి కొన్నాము. చూపునకు అందముగా ఉన్నది, ధర తక్కువ, ఆ రెండును చూచి తెచ్చాము. ఏడవ నెలలో ఒక సాయంకాలము మేము కూటమునకు బయలుదేరుచుండగా లోపల చప్పుడైనది. ఊగకుండ ఆపవలసిన మర జారిపోయి, పాప ప్రక్కకమ్మి పట్టుకొని లేవబోగా ఉయ్యాల ఒక వైపునకు తిరిగిపోయినది. క్రింద చాప ఉండబట్టి నుదుట బొప్పితో పోయినది. ఆ మర ఎన్ని దినముల నుండి వదులైనదో మాకు తెలియదు. అప్పటి నుండి బిడ్డల మంచములను గూర్చి వైద్యులను అడిగి, దొరికినది చదివి, కొంత నేర్చుకొన్నాము. నేర్చుకొని కూడ సంఘపు మంచము మాట మరచిపోయాము చూడండి.

భోజనములైన తరువాత చుట్టములు వెళ్ళేవరకు ఆగి, ఆ దంపతులతోను పెద్దవారితోను కూర్చున్నాము. మాట ఎత్తగానే తెలిసినది, ఆ ఇంట దీనిని గూర్చి అప్పటికే తగవు నడుస్తున్నదని. తండ్రి పట్టణములో ఒక పెద్ద మంచము చూచి వచ్చాడు. చక్రములు, బొమ్మలు, క్రింద అరలు అన్నియు ఉన్నవి, నెలనెలా వాయిదాల మీద ఇస్తారు. నాయనమ్మకు ఆ అప్పు ఇష్టము లేదు. "మా ఆరుగురూ చీర ఉయ్యాల్లోనే పెరిగారండీ, ఎవరికేటైంది?" అన్నది. తల్లి ఏమియు మాట్లాడలేదు. ఆమె పుట్టినింటిలోను అత్తవారింటిలోను రేకులు తీసేవారే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినదని మనమందరము సంతోషించాము గదా, ఆ రేకు తీసే చేతులు ఇట్టివారివే. మరుసటి నెల నుండి కుండ ముందు కూర్చోవలెను, బిడ్డ ఎక్కడ ఉండవలెను అన్నదే ఆమె బెంగ.

మొదట సందుల సంగతి. చంటిబిడ్డ శరీరము కంటె తల పెద్దది. కమ్మీల సందు వెడల్పుగా ఉంటే కాళ్ళు, నడుము జారి బయటకు వచ్చి, తల లోపల ఇరుక్కొని, బిడ్డ మెడ మీద వ్రేలాడిపోతుంది. అమెరికాలో 1970ల నుండియు ఈ సందు 6 సెంటీమీటర్లకు మించకూడదని కట్టడి ఉన్నది. అనగా రెండున్నర అంగుళములకు కొంచెము తక్కువ. మేము ఒక కొబ్బరి ఈనెను ఆ కొలతకు విరిచి, ఆ మంచము కమ్మీల మధ్య అడ్డముగా పెట్టి చూపించాము. ఈనె ఎక్కడను తగలకుండ జారి క్రింద పడిపోయినది. తండ్రి ముఖము మారిపోయినది. కమ్మి ఊడిన చోట అయితే బిడ్డ మొత్తము పోతుంది.

తరువాత రంగు. పండ్లు వచ్చే బిడ్డ మంచము పైకమ్మిని కొరకక మానదు. పాత రంగులలో సీసము ఉంటుంది. అది కడుపులోనికి పోతే బిడ్డ మెదడు ఎదుగుదల చెడిపోతుంది, ఒకసారి చెడినది తిరిగి రాదు. మన దేశములో ఇండ్లకు వేసే రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదని 2016లో నిబంధన చేసి, 2017 నవంబరు నుండి అమలు చేశారు. అంతకు ముందు వేసిన రంగు పెచ్చులు లేస్తూ ఉంటే ఆ మంచము బిడ్డకు వద్దు. గీకి మరల రంగు వేద్దామని కొందరు అంటారు. ఆ గీకిన పొడి ఇల్లంతా పడుతుంది, అది ఇంకను చెరుపు. బొమ్మలు కొనేటప్పుడు కూడ ఇది జ్ఞాపకముంచుకొనవలెను. మన ఏటికొప్పాక వారు అంకుడు కర్రతో చేసి, లక్కతోను చెట్ల నుండి తీసిన రంగులతోను పూత వేసే గిలకలు ఉన్నవి గదా, అట్టివి మేలు.

ప్రక్క గోడ క్రిందికి దించే మంచములు ఒకప్పుడు గొప్పగా అమ్ముడుపోయేవి. తల్లి వంగనక్కర లేకుండ బిడ్డను తీసుకోవచ్చునని. ఆ దించే గోడ పట్టు ఊడి, పరుపునకును గోడకును మధ్య బిడ్డలు ఇరుక్కొని అమెరికాలో ముప్పది మందికి పైగా శిశువులు చనిపోయారు. 2011 జూన్‌లో అక్కడ వాటిని చేయడము, అమ్మడము మొత్తము మాన్పించారు. మన ఊళ్ళలో ఎవరైన పట్టణము నుండి, విదేశము నుండి అట్టి పాత మంచము ప్రేమతో పంపితే, ప్రేమను పుచ్చుకొని మంచమును ప్రక్కన పెట్టండి. నాలుగు ప్రక్కలు కదలకుండ ఉన్నదే మంచిది.

నాయనమ్మకు అన్నిటి కంటె కష్టమనిపించినది దిండ్ల మాట. ఆవాల దిండు మీద పండుకోబెడితే తల గుండ్రముగా వస్తుందని మన పెద్దల నమ్మకము. మేము కూడ ఆ దిండు మీద పెరిగినవారమే. మా తల గుండ్రముగా ఉన్నదా లేదా అన్నది సంఘస్థులు చెప్పవలెను. అయితే మొదటి సంవత్సరములో బిడ్డకు ఏ దిండూ అవసరము లేదు. మెడ ఇంకను నిలువని పసికందు ముఖము మెత్తని దానిలో పడితే తిప్పుకోలేదు, ఏడ్వనూ లేదు. దిండ్లు, మెత్తని బొమ్మలు, మందపు బొంతలు, ప్రక్కలకు కట్టే మెత్తని గోడలు ఏవియు ఉండకూడదు. ఆ మెత్తని గోడలను 2022లో అమెరికాలో చట్టము చేసి నిషేధించారు. బిడ్డ మంచము ఎంత ఖాళీగా ఉంటే అంత క్షేమము. క్రిస్మసుకు మన యౌవనస్థులు గడ్డి పరచి, దూది పేర్చి, పశువుల తొట్టి అలంకరిస్తారు. అది బొమ్మకు సరిపోతుంది.

బూరుగుదూది పరుపు బిడ్డకు మెత్తదనము ఎక్కువ. అరచేతితో నొక్కి వదిలితే వెంటనే పైకి రావలెను. గుంట పడి ఉండిపోతే పనికిరాదు. ఇందుకు మన కోనసీమ వారికి దూరము పోనక్కరలేదు. కొబ్బరిపీచు పరుపు పలుచనిది మంచము కొలతకు కోయించుకోవచ్చు. అది గట్టిగా ఉంటుంది. పరుపునకును ప్రక్కకమ్మికిని మధ్య రెండు వ్రేళ్ళ కంటె ఎక్కువ సందు ఉండరాదు. పైన ఒక పాత నూలు చీర గాని పంచె గాని బిగుతుగా పరచి, అంచులు పరుపు క్రిందికి మడిచితే చాలును. రబ్బరు షీటు వేయవలసి వస్తే ఆ నూలు గుడ్డ క్రింద వేయండి గాని, ఎన్నడును పైన వద్దు. నులక మంచము, నవారు మంచము పెద్దలకు హాయి గాని నడుమ పల్లము పడుతుంది. బిడ్డ ఆ పల్లములోనికి దొర్లి బోర్లపడుతుంది.

వెల్లకిల పండుకోబెట్టండి అనగానే ఆ ఇంటిలో ముగ్గురు ఒకేసారి, "పాలు పొరబోదాండీ?" అన్నారు. అందరికిని ఉండే భయమే. పాలు పట్టిన తరువాత భుజము మీద వేసుకొని త్రేన్పు వచ్చేవరకు నిమిరి, అప్పుడు వెల్లకిల వేస్తే ఆరోగ్యముగా ఉన్న బిడ్డకు పొరబోవడము ఎక్కువ కాదని వైద్యులు చెప్పుచున్నారు. బోర్లా పండుకోబెట్టడమే అపాయము. ఏ జబ్బు లేని బిడ్డ రాత్రి పండుకొని ఉదయమునకు చనిపోయి ఉండటము మన పల్లెలలో గాలి సోకినదని, దృష్టి తగిలినదని అనుకొంటారు. ఇంగ్లాండులో 1991లోను, అమెరికాలో 1994లోను బిడ్డలను వెల్లకిల పండుకోబెట్టండని ఊరూర చాటించారు. తరువాతి సంవత్సరములలో అట్టి మరణములు సగానికి పైగా తగ్గినవి. ఇంటిలో చుట్ట, బీడీ పొగ ఉంటే ఈ అపాయము పెరుగుతుంది. ఆ మాట అన్నప్పుడు అరుగు మీద కూర్చున్న తాతగారు మా వైపు చూడలేదు. చుట్ట మాత్రము ఆర్పారు.

చీర ఉయ్యాలను పూర్తిగా తీసిపారేయమని మేము చెప్పలేదు. చెప్పినా వినరు, అది వేరు సంగతి. మధ్యాహ్నము కునుకునకు, మెలకువగా ఉన్న మనిషి కళ్ళ ఎదుట, పగటి పూట వాడుకోవచ్చును. కాని దానిలో బిడ్డ మడతపడి గడ్డము రొమ్మునకు ఆనితే శ్వాస ఆడదు. గనుక పై భాగమున అడ్డకర్ర పెట్టి గుడ్డ విచ్చుకొని ఉండేటట్టు చూడవలెను. దూలము, కొక్కెము, ముడి పెద్దవారి బరువుతో లాగి చూచి కట్టవలెను. నేలకు మోకాలి ఎత్తు కంటె మించకూడదు, క్రింద బొంత పరచవలెను. బిడ్డ దొర్లడము మొదలు పెట్టిన దినముననే దాని పని అయిపోయినది. ఇంకొక మాట. ఎదిగిన పిల్లలు ఖాళీ చీర ఉయ్యాలలో కూర్చొని గిరగిర మెలిపెట్టి తిరుగుతారు. ఆ మెలికలో మెడ చిక్కుకొని బడి పిల్లలు చనిపోయిన సంగతులు మన దేశపు వైద్యులు పలుమార్లు వ్రాశారు. బిడ్డను తీయగానే ఆ చీరను ముడివేసి పైకి కట్టేయండి.

మరి రాత్రి తల్లి ప్రక్కనే పండుకోబెడితే? పాలిచ్చే తల్లికి అదే సులభము, మాకు తెలియును. కాని అలసిన తల్లి నిద్రలో ఏమి జరుగునో పరిశుద్ధ గ్రంథమే దాచకుండ వ్రాసినది. సొలొమోను ఎదుటికి వచ్చిన ఆ ఇద్దరు స్త్రీల తగవును మనము రాజు జ్ఞానము నిమిత్తము చదువుతాము. ఆ తగవునకు మొదలు ఏమిటి? ఒక తల్లి నిద్రలో తన బిడ్డ మీద పడుట. వైద్యులు చెప్పేది ఏమనగా, కనీసము మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లి ఉన్న గదిలోనే, చేయి చాస్తే అందేంత దగ్గరలో, వేరే పక్క మీద ఉండవలెను.

నేల మీద చాప వేసి పండుకోబెట్టుదుమా అంటే మన లంకలలోను తోటలలోను అదియు కాదు. కట్లపాము రాత్రివేళ ఇంటిలోనికి వచ్చి నేల మీద నిద్రించువారినే కరుస్తుంది. నొప్పి అంతగా ఉండదు, తెల్లవారేవరకు తెలియకపోవచ్చును. తేళ్ళు, జెర్రులు, ఎలుకలు సరేసరి. గనుక కాళ్ళున్న మంచము, దాని మీద దోమతెర, తెర అంచులు చుట్టును పరుపు క్రిందికి మడిచి ఉండవలెను. తెర వదులుగా బిడ్డ ముఖము మీదికి వ్రేలాడకూడదు. దోమల చుట్ట మంచము క్రింద వెలిగించవద్దు.

నిప్పు సంగతి మేము ఆ తల్లితో ప్రత్యేకముగా మాట్లాడాము. రేకు తీసే కుండ క్రింద ఎండు కొబ్బరాకు గంటల కొలది మండుతూ ఉంటుంది. ఆమె చేతులు రెండును ఆ కుండ మీదనే ఉంటవి. పందిరి గుంజకు చీర కట్టి బిడ్డను ప్రక్కనే ఊపుకొంటూ రేకు తీసే తల్లులను మేము చూచాము. నిప్పురవ్వ ఒకటి చాలును ఆ చీరకు. రవ్వ పడకపోయినా పొగ ఉన్నది. ఆ ఇంటి వసారాకును పొయ్యికిని మధ్య తలుపు ఉన్నది. మంచము ఆ తలుపు అవతల, గాలి వచ్చే వైపు, తల్లి తల ఎత్తితే కనబడే చోట పెట్టవలెనని అప్పుడే లేచి స్థలము చూచాము. సాంబ్రాణి మూకుడు కూడ ఇక మంచము క్రిందికి రాకూడదని నాయనమ్మ ఒప్పుకొన్నది. తల ఆరవలెనంటే మెత్తని తువ్వాలు ఉన్నది. పాప మెడలో మేనమామ వేసిన సిలువ గొలుసును కూడ నిద్రవేళ తీసివేయమన్నాము. ఏ మేకుకైన, కమ్మి మొనకైన చిక్కుకొంటే గొలుసు తెగదు. గోడకున్న ఫోను తీగ కూడ చేతికి అందనంత దూరముగా ఉండవలెను.

ఇంతకు ఏ మంచము? దుకాణపు మంచము చెడ్డదని కాదు. కాని ఆ ధరలో సగము బొమ్మలకును చక్రములకును పోతుంది. ఆ ఇంటి అటక మీద నాయనమ్మ పెండ్లినాటి టేకు పందిరి మంచము విరిగి పడి ఉన్నది. ఎప్పుడో రాజమండ్రి అడితీలో కొన్న కలప అట, రంగు వేయనిది. మా సంఘములోనే వడ్రంగము చేసే సహోదరుడు ఒకరున్నారు. ఆయనను పిలిపించాము. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగులకు కొంచెము పైగా వెడల్పు. కమ్మీలు నిలువుగానే ఉండవలెను, అడ్డముగా ఉంటే బిడ్డ నిచ్చెన వలె ఎక్కుతుంది. నాలుగు మూలల గుంజలు పైకమ్మితో సమానముగా కోసివేయవలెను, పువ్వులు బుడిపెలు వద్దు, గుడ్డ తగులుకొంటుంది. పరుపు పెట్టే బల్లను రెండు ఎత్తులలో అమర్చేటట్టు చేయవలెను. బిడ్డ కూర్చోవడము నేర్వగానే క్రిందికి దించాలి, అప్పుడు బల్ల నుండి పైకమ్మికి రెండు అడుగులకు తగ్గకూడదు. కుసులు బెజ్జములలో బిగువుగా కూర్చోవలెను, మేకు మొనలు ఎక్కడను కనబడకూడదు. చిత్రిక పట్టి, గరుకు కాగితముతో రుద్ది, రంగు లేకుండ వదిలివేయాలి. బిడ్డ నిలబడినప్పుడు పైకమ్మి రొమ్ము కంటె క్రిందికి వస్తే మంచము మార్చే కాలము వచ్చినట్టు. ఆయన అన్నియు విని, "అయ్యగారూ, ఇది ప్రసంగము కంటె పొడుగ్గా ఉందండి" అన్నారు. నాలుగు దినములలో చేసి ఇచ్చారు. తండ్రి వాయిదాల మాట మానుకొన్నాడు.

ఆ నాలుగు దినములు బిడ్డ ఎక్కడ పండుకోవలెను? ఈ ప్రశ్న గోదావరి వారికి కొత్తది కాదు. 1986 ఆగస్టు వరదలోను, మరల 2022 జూలై వరదలోను లంకలవారు బిడ్డలతో గట్టు మీదికి, బడులలోనికి చేరవలసి వచ్చినది. అట్టి వేళ మంచము ఎక్కడ? ఫిన్లండు దేశములో 1938 నుండి బీద తల్లులకును, 1949 నుండి తల్లులందరికిని ప్రభుత్వము ఒక అట్టపెట్టె ఇస్తున్నది. దానిలో బిడ్డ బట్టలు, అడుగున చిన్న గట్టి పరుపు ఉంటవి. బట్టలు తీసివేస్తే ఆ పెట్టెయే బిడ్డకు మొదటి మంచము. 2017లో తెలంగాణలో మొదలైన కె.సి.ఆర్. కిట్లలో కూడ దోమతెర గల చిన్న పరుపు ఇచ్చేవారు. మోషే తల్లి జమ్ముపెట్టె అల్లి, నీరు చొరకుండ కీలు పూసినది, అక్కను దూరముగా కాపలా నిలిపినది. రాజభవనము లేదు, చేతికి దొరికిన దానితో చేసినది. అడుగు గట్టిగా ఉన్న శుభ్రమైన అట్టపెట్టె, ఎత్తు అంచుల వెదురు గంప, అడుగున బిగువుగా మడిచిన దుప్పటి, ఖాళీగా, మూత లేకుండ, నేల నుండి ఎత్తుగా కదలని బల్ల మీద, చుట్టును దోమతెరతో, ప్రక్కన ఒక మనిషితో ఉంటే కొన్ని రాత్రులు గడుస్తవి. ఆ పాప కూడ అట్లే గంపలో పండుకొన్నది. నాయనమ్మ రాత్రి రెండుసార్లు లేచి చూచినదట.

సంఘపు మంచమును ఆ సాయంకాలమే తిరిగి తెప్పించాము. మరెవరింటికిని పోకుండ కమ్మీలు కోయించి, ఆ రంగు కట్టె పొయ్యిలో కాలిస్తే పొగలో సీసము వస్తుంది గనుక కాల్చవద్దని చెప్పి, దూరముగా పాతిపెట్టించాము. ఇచ్చిన కుటుంబము వారికి ఉత్తరము వ్రాసి సంగతి తెలియజేశాము. ఇంతకు ముందు ఆ మంచము తీసుకొన్న ఇండ్లవారందరిని కూడ కలిసి, బిడ్డలు కులాసాయేనా అని అడిగి వచ్చాము. కులాసాయే.

6 సెంటీమీటర్ల కొలతకు వడ్రంగి సహోదరుడు చక్కగా ఒక టేకు పుల్ల చెక్కి ఇచ్చారు. అది మా ఇంటి గూటిలో, పాటల పుస్తకముల ప్రక్కన ఉన్నది. ఇంటిలో చంటిబిడ్డ మంచము ఉన్నవారు ఏ దినమైనను వచ్చి తీసుకొని వెళ్ళి, కొలుచుకొని, మరల తెచ్చి ఇవ్వగలరు.